డీప్ స్లీప్ 11 నిమిషాలే వచ్చింది: ఒక స్లీప్ ట్రాకర్ కేసు

ఆవిడ కుర్చీలో కూర్చుంటూనే అన్న మొదటి మాట: "డాక్టర్ గారూ, నిన్న రాత్రి నాకు డీప్ స్లీప్ 11 నిమిషాలే వచ్చిందండీ." నిద్ర పట్టడం లేదనో, పగలంతా మత్తుగా ఉంటోందనో అనలేదు. "వచ్చింది" అన్నారు, పరీక్షలో మార్కులు వచ్చినట్టు. నిద్ర సమస్యలు చూసే క్లినిక్‌లో నేను పదేళ్లకు పైగా పనిచేస్తున్నాను. ఒకప్పుడు జనం "కంటి మీద కునుకు లేదండీ" అంటూ వచ్చేవాళ్లు, ఇప్పుడు చాలామంది నోరు తెరవకముందే ఫోన్ తెరిచి స్క్రీన్ నా వైపు తిప్పుతున్నారు.

ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, ఆవిడ చేతికున్న, నిద్రని కొలిచే బ్యాండ్ ఎక్కడ తప్పింది, ఎంత తప్పింది, ఏ వైపుకి తప్పింది అన్నది అరనిమిషం అరనిమిషం చొప్పున లెక్కగట్టే అవకాశం దీంట్లో దొరికింది. నేను చేసిన పొరపాటు కూడా ఒకటుంది, అదీ రాస్తాను. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కేసు వివరాలు

వయసు 43. అకౌంట్స్ టీమ్‌కి లీడ్, నెలాఖరు వస్తే టెన్షన్. మైగ్రేన్ రాకుండా ఏడాదిన్నరగా ప్రొప్రనొలాల్ వాడుతున్నారు, అది తప్ప వేరే మందుల్లేవు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) బాగానే ఉన్నాయి. రాత్రిపూట కాళ్లు పీకడం, లాగడం లేవు. గురక లేదని ఇంట్లోవాళ్లు చెప్పారు. డిప్రెషన్ ప్రశ్నలకి ఇచ్చిన జవాబుల్లో కంగారు పడాల్సిందేమీ కనిపించలేదు.

ఇబ్బంది మొదలైంది 8 నెలల కిందట, ఆఫీసులో ఆడిట్ నడిచిన నెలలో. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసి మళ్లీ నిద్ర పట్టేది కాదు. అది ఎవరికైనా వచ్చేదే, ఆడిట్ అయిపోతే దానంతటదే సర్దుకునేదేమో కూడా. సరిగ్గా ఆ నెలలోనే పుట్టినరోజు కానుకగా ఈ బ్యాండ్ చేతికొచ్చింది.

బ్యాండ్ రోజూ చెప్పేది రెండు ముక్కలు. ఒకటి, మీరు దాదాపు 8 గంటలు నిద్రపోయారు. రెండు, అందులో డీప్ స్లీప్, అంటే గాఢ నిద్ర, 20 నిమిషాలు, కొన్ని రోజులు 15, నా దగ్గరికొచ్చిన ముందురాత్రి 11. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆవిడ ఒక నిర్ణయానికొచ్చారు. నేనైనా అదే నిర్ణయానికి వచ్చేవాణ్నేమో. 8 గంటలు నిద్రపోయి కూడా పొద్దున్న లేచేసరికి ఒళ్లు తేలిక పడట్లేదంటే, నిద్ర చాలక కాదు, నిద్రలో పస లేక. కాబట్టి డీప్ పెంచుకోవాలి. పెంచుకోవాలంటే ఇంకా ఎక్కువసేపు పడుకోవాలి. పదిన్నరకి పడుకునే మనిషి పదికి, తర్వాత తొమ్మిదిన్నరకి, చివరికి తొమ్మిదికే మంచమెక్కడం మొదలుపెట్టారు. పనిరోజుల్లో లేచేది మాత్రం ఎప్పట్లాగే ఆరున్నర దరిదాపుల్లో.

ఇందులో ఒక చిక్కుంది. గాఢ నిద్ర ఎక్కువగా వచ్చేది రాత్రి మొదటి మూడో వంతులో. ఎంత ఎక్కువసేపు మంచం మీద ఉంటే అంత ఎక్కువ వచ్చే సరుకు కాదది. మంచం మీద సమయం పెంచితే పెరిగేది మెలకువ, లేదంటే కోడి కునుకులు. ఎనిమిది నెలల్లో ఆవిడకి జరిగింది అదే. నిద్రలేమి తీవ్రతని కొలిచే ఇన్సోమ్నియా సివియారిటీ ఇండెక్స్ మీద మొదటిరోజు స్కోరు 28కి 21, ఇందులో ఎంత ఎక్కువైతే అంత ఇబ్బంది.

నా పొరపాటు

మొదటి విజిట్‌లో నేను అన్న మాట: "ఆ బ్యాండ్ తీసి పక్కన పడేయండి, దాని లెక్కలకి అర్థం లేదు." నిద్ర డైరీ రాయమని ఒక కాగితం ఇచ్చి పంపాను, లోపల నేనేదో మంచి పని చేశానన్న తృప్తి కూడా ఉంది.

ఆరు వారాలు ఆవిడ రాలేదు. వచ్చినప్పుడు చేతికి బ్యాండ్ అలాగే ఉంది, దానికి తోడు వేలికి నిద్రని కొలిచే ఉంగరం. "మీరు లెక్క తప్పన్నారు కదండీ, అందుకని సరైన లెక్క చెప్పేది కొన్నాను." తప్పు నాదే. ఎనిమిది నెలలుగా తనని వేధిస్తున్నదానికి ఒక సాక్ష్యం ఉందని ఆవిడ నమ్ముతున్నారు, నేను ఆ సాక్ష్యాన్ని చూడకుండానే కొట్టిపారేశాను. అలాంటప్పుడు ఎవరైనా ఇంకో సాక్షిని వెతుక్కుంటారు.

ఇద్దరు సాక్షులూ ఒక మాట మీద లేరు. ఒకే రాత్రి, ఒకే మనిషి, బ్యాండ్ డీప్ స్లీప్ 24 నిమిషాలంటే ఉంగరం గంటా 38 నిమిషాలంది. దీంతో ఆవిడ టెన్షన్ రెట్టింపైంది. ఇలా ట్రాకర్ నంబర్ల వెంట పరుగెత్తి నిద్ర ఇంకా చెడగొట్టుకోవడానికి 2017లో నిద్ర పరిశోధకురాలు కెల్లీ బారన్, ఆమె సహచరులు ముగ్గురు రోగుల కథనాలతో "ఆర్థోసామ్నియా" అని పేరు పెట్టారు. అది అధికారిక వ్యాధి నిర్ధారణ కాదు, పేరు మాత్రమే, కానీ ఆ వ్యాసం చదివినప్పుడు నా క్లినిక్‌కొచ్చే సగంమంది మొహాలు గుర్తొచ్చాయి.

మామూలుగా నిద్రలేమికి ల్యాబ్‌లో రాత్రంతా చేసే పరీక్ష, అంటే పాలీసామ్నోగ్రఫీ, అక్కర్లేదు. డైరీ, మాట్లాడటం చాలు. ఇక్కడ చేయించడానికి రెండు కారణాలు. ఆవిడ "నేను గంటల తరబడి మెలకువగానే ఉంటున్నా" అంటారు, బ్యాండ్ "8 గంటలు నిద్ర" అంటుంది, తేడా మరీ ఎక్కువగా ఉంది. రెండోది, ఆడవాళ్లలో స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, కొన్నిసార్లు గురకగా కాకుండా నిద్రలేమిగానే బయటపడుతుంది, అది లేదని తేల్చుకోవాలి. ఎలాగూ చేస్తున్నాం కాబట్టి బ్యాండ్, ఉంగరం రెండూ పెట్టుకునే పడుకోమన్నాను. ఆవిడ మొహంలో మొదటిసారి కాస్త నమ్మకం కనిపించింది.

బ్యాండ్‌కి నిద్ర ఎలా తెలుస్తుంది?

తెలియదు. నిద్ర జరిగేది మెదడులో, బ్యాండ్ ఉన్నది మణికట్టు మీద. దాంట్లో ఒక యాక్సెలెరోమీటర్ ఉంటుంది, చెయ్యి కదిలిందా లేదా చూస్తుంది. వెనకవైపు ఆకుపచ్చ లైట్లు ఉంటాయి, రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి గుండె కొట్టుకున్న ప్రతిసారీ వెనక్కి తిరిగొచ్చే వెలుతురు కొంచెం మారుతుంది, ఆ మార్పునుంచి నాడి లెక్కేస్తుంది. పట్టీ వదులైనా, చేతులు చల్లబడినా, చెయ్యి శరీరం కింద నలిగినా, లైటు కింద పచ్చబొట్టు ఉన్నా ఈ సిగ్నల్ పాడవుతుంది. కదలిక, నాడి, నాడిలోని హెచ్చుతగ్గులు, వాటినుంచి అంచనా వేసిన ఊపిరి వేగం. చాలా బ్యాండ్లకి నిద్ర విషయంలో ఉన్న ముఖ్యమైన పెట్టుబడి ఇంతే. మిగతాదంతా ఊహ. మంచి ఊహే, చాలామంది మీద తర్ఫీదు పొందిన ఊహే, కానీ ఊహే.

మేము ల్యాబ్‌లో చూసేవి వేరు. తలమీద ఎలక్ట్రోడ్లతో మెదడు తరంగాలు (ఈఈజీ), కళ్ల పక్కన కనుగుడ్ల కదలిక, గడ్డం కింద కండరాల బిగువు, ఇవి మూడూ లేకుండా నిద్ర దశ చెప్పకూడదన్నది 1968లో రెక్ట్‌షాఫెన్, కేల్స్ రాసిన నియమాల కాలంనుంచీ ఉంది. 2007లో వచ్చిన అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ మాన్యువల్‌తో పాత 3, 4 దశలు కలిసి ఎన్3 అయ్యాయి, ఆ ఎన్3నే బ్యాండ్లు డీప్ స్లీప్ అంటున్నాయి. రాత్రి మొత్తాన్ని 30 సెకన్ల ముక్కలుగా కోస్తాం, ఒక్కో ముక్కని ఎపాక్ అంటాం. ఒక ఎపాక్‌ని ఎన్3 అనాలంటే అందులో కనీసం 20 శాతం, అంటే 6 సెకన్లు, సెకనుకి 0.5 నుంచి 2 సార్లు వచ్చే పెద్ద నెమ్మది తరంగాలు ఉండాలి, వాటి ఎత్తు 75 మైక్రోవోల్టులు దాటాలి. మణికట్టు మీద 75 మైక్రోవోల్టుల మెదడు తరంగం ఎక్కడుంటుంది? అక్కడ దొరికేది నెమ్మదించిన నాడి, కదలని చెయ్యి. గాఢ నిద్రలో అవి రెండూ ఉంటాయి. అవి రెండూ ఉన్నంత మాత్రాన గాఢ నిద్ర కాదు.

ల్యాబ్ రాత్రి

దీపాలార్పింది 10:42కి, లేపింది 6:30కి. మొత్తం 468 నిమిషాలు, 936 ఎపాక్‌లు. నిద్ర పట్టడానికి 46 నిమిషాలు, పట్టాక మధ్యమధ్యలో మెలకువ 81 నిమిషాలు, అసలు నిద్ర 341 నిమిషాలు, అంటే 5 గంటల 41 నిమిషాలు. ఆప్నియా ఇండెక్స్, అంటే ఊపిరి ఆగడం లేదా బాగా తగ్గడం, గంటకి 3.2 సార్లు, పెద్దవాళ్లలో 5 లోపు మామూలే. కాళ్ల కుదుపులు లెక్కలోకి తీసుకునేంత లేవు.

ఇప్పుడు దశలు. తేలిక నిద్ర ఎన్1 34 నిమిషాలు, ఎన్2 174, గాఢ నిద్ర ఎన్3 68, కలలొచ్చే రెమ్ 65. ఎన్3 దాదాపు 20 శాతం. ఈ వయసుకి ఇది శుభ్రమైన నంబరు, పెంచుకోవాల్సిందేమీ లేదు.

అదే రాత్రి బ్యాండ్ చెప్పింది: నిద్ర 7 గంటల 11 నిమిషాలు, డీప్ 19 నిమిషాలు, రెమ్ 112, మిగతా 300 నిమిషాలు లైట్ స్లీప్. ఉంగరం డీప్ 97 నిమిషాలంది. ఒకటి 19, ఒకటి 97, ఈఈజీలో 68.

బ్యాండ్ యాప్‌లో ఏ దశ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఫైలుగా దించుకునే వీలుంది కాబట్టి దాన్ని కూడా 30 సెకన్ల ముక్కలుగా కోసి మా రికార్డు పక్కన పెట్టాం. చెప్పినంత తేలిక కాదు. ల్యాబ్ కంప్యూటర్ గడియారానికీ ఆవిడ ఫోన్ గడియారానికీ 74 సెకన్ల తేడా ఉంది, అది సరిచేయకపోతే మొత్తం రెండున్నర ఎపాక్‌లు పక్కకి జరిగిపోయి బ్యాండ్ చేయని తప్పులు కూడా దాని ఖాతాలో పడేవి. మా టెక్నీషియన్ పడుకునే ముందే రెండు గడియారాలనీ ఒకే ఫొటోలో తీసి పెట్టింది కాబట్టి బతికిపోయాం. ఉంగరం యాప్‌లో రాత్రి మొత్తం మీద సారాంశం తప్ప మాకేమీ దక్కలేదు, అందుకని దాన్ని ఇంత దగ్గరగా చూడలేకపోయాం.

లెక్క ఇలా తేలింది. ఆవిడ నిజంగా నిద్రలో ఉన్న ఎపాక్‌లు 682, వాటిలో బ్యాండ్ నిద్ర అన్నవి 656, అంటే 96 శాతం. ఇది చూస్తే అబ్బో అనిపిస్తుంది. నిజంగా మెలకువగా ఉన్న ఎపాక్‌లు 254, వాటిలో బ్యాండ్ మెలకువ అన్నవి 48. అంటే 19 శాతం. మిగిలిన 206 ఎపాక్‌లని, 103 నిమిషాల మెలకువని, నిద్ర ఖాతాలో వేసేసింది.

మొత్తం మీద కరెక్ట్ ఎంత అంటే 936లో 704, 75 శాతం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ప్రకటనల్లో వినిపించే "ఖచ్చితత్వం" తరచూ ఈ రకం నంబరే. ఆ రాత్రి ఏ సెన్సరూ లేని ఒక డబ్బా ఆవిడ చేతికి కట్టి, అది రాత్రంతా "నిద్ర, నిద్ర, నిద్ర" అని మాత్రమే రాసేదనుకోండి. దానికి ఎన్ని మార్కులు? 936లో 682, దాదాపు 73 శాతం. అంత ఖర్చు పెట్టి కొన్న సెన్సర్లన్నీ కలిసి ఆ డబ్బా కంటే అదనంగా సంపాదించింది రెండు మార్కులు. బాగా నిద్రపోయే మనిషికైతే ఉత్త డబ్బాకే 90 దాటొచ్చు, ఎందుకంటే రాత్రిలో ఎక్కువభాగం నిద్రే కదా. ఖచ్చితత్వం అన్న ఒక్క నంబరు ఎవరైనా చెబితే, మెలకువని ఎంతవరకు పట్టుకుంటుందో విడిగా అడగండి. ఇది కొత్త జబ్బేమీ కాదు, చేతి కదలికతో నిద్ర కొలిచే యాక్టిగ్రఫీకి 1992 నాటి కోల్, క్రిప్కీ ఫార్ములా రోజులనుంచీ ఉన్నదే. నిద్రని బాగా పడుతుంది, కదలకుండా ఉన్న మెలకువని వదిలేస్తుంది. నిద్రలేమి ఉన్నవాళ్లు చేసేది సరిగ్గా అదే, కదిలితే వచ్చే నిద్ర కూడా పోతుందేమోనని బిగదీసుకుని పడుకోవడం.

2:13కి ఏం జరిగింది

ఒక్క చోటు దగ్గరగా చూపిస్తాను. రాత్రి 2:13. ఆవిడకి అప్పుడే మెలకువ వచ్చింది. తల వెనక ఎలక్ట్రోడ్ల గీతలో సెకనుకి 10 సార్లు చొప్పున సన్నని ఆల్ఫా అలలు, చీర అంచు కుట్టినట్టు వరసగా. కళ్లు మూసుకుని మెలకువగా ఉన్న మనిషి మెదడు ఇలాగే కనిపిస్తుంది. గడ్డం కండరం బిగువుగా ఉంది. వీడియోలో చూస్తే వెల్లకిలా, చేతులు పొట్టమీద, రాయిలా ఉన్నారు. ఆల్ఫా ఎక్కడా చెదరకుండా 2:13 నుంచి 2:57 దాకా, 44 నిమిషాలు. పొద్దున అడిగితే "అప్పుడు మార్చి నెల సర్దుబాటు ఎంట్రీలు గుర్తుచేసుకుంటూ పడుకున్నానండీ" అన్నారు.

బ్యాండ్ ఆ 44 నిమిషాలనీ రెమ్ అని రాసింది. కలలొచ్చే నిద్ర. దాని తర్కం నాకు అర్థమవుతుంది, 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ బయటపెట్టినప్పటినుంచి రెమ్ నిద్ర పెట్టే ఇబ్బందే ఇది. శరీరం కదలదు, గుండె మాత్రం ఒక తీరున ఉండదు. ఆలోచిస్తూ కదలకుండా పడుకున్న మనిషి మణికట్టు మీద కూడా అవే గుర్తులు. కళ్ల కదలిక, గడ్డం బిగువు చూస్తేనే తేడా తెలిసేది, బ్యాండ్‌కి ఆ రెండూ లేవు. రెమ్ అని బ్యాండ్ రాసిన 224 ఎపాక్‌లలో నిజంగా రెమ్ అయినవి 71.

డీప్ సంగతి దీనికి తలకిందులు. ఈఈజీలో ఎన్3 ఎపాక్‌లు 136, బ్యాండ్ పట్టుకున్నవి 31. మిగతా 105 ఎపాక్‌ల గాఢ నిద్ర దాదాపు అంతా లైట్ స్లీప్‌లో కలిసిపోయింది. ఇక్కడ ప్రొప్రనొలాల్ హస్తం ఉందని నా అనుమానం. అది గుండె మీద సింపథెటిక్ నరాల (గుండె వేగం పెంచే నరాలు) పట్టుని తగ్గించే మందు. ఆవిడ ఈసీజీ చూస్తే మెలకువలో నిమిషానికి 58, ఎన్3లో 53. మామూలుగా కనిపించే ఎత్తుపల్లాలు చదునైపోయాయి. నాడిలో తేడాల మీద బతికే లెక్కకి ఆ తేడాలే లేకుండా చేస్తే అది దేన్ని పట్టుకుంటుంది? యాప్ ఎత్తు, బరువు, వయసు అడిగింది, మందుల గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కూడా ఈ దశల చార్టుని ఇంకా తేలిగ్గా తీసుకోవాలి.

ఇప్పుడు ఆ రెండు తప్పులనీ కలిపి చూడండి, నాకు ఈ కేసులో అసలైన విషయం ఇదే. మెలకువని నిద్ర అన్నది మొదటి తప్పు, గాఢ నిద్రని లైట్ అన్నది రెండో తప్పు. విడివిడిగా అయితే ఏదో ఒకటి అనుమానం తెప్పించేది. కలిసేసరికి "నిద్ర చాలినంత ఉంది, నాణ్యత లేదు" అని అతుకు కనపడకుండా ఒక కథ తయారైంది. నిజం దానికి సరిగ్గా ఎదురు. నిద్ర నాణ్యత బాగుంది, నిద్ర తక్కువ. కథ ప్రకారం మందు ఎక్కువసేపు మంచం మీద ఉండటం, నిజం ప్రకారం మందు మంచం మీద సమయం తగ్గించి అందులోని మెలకువని తగ్గించడం.

మా ల్యాబ్ లెక్క మాత్రం దేవుడు రాసిందా అంటే, కాదు. రికార్డు చూసి దశలు రాసే, తర్ఫీదు ఉన్న ఇద్దరు స్కోరర్లకి ఒకే రికార్డు ఇస్తే ఎపాక్‌ల మీద సుమారు 82, 83 శాతం దాకా ఏకీభవిస్తారు, ఎన్1 దగ్గరైతే 63 శాతం చుట్టూనే. పైగా కొత్త చోట, తలనిండా వైర్లతో, మొదటి రాత్రి నిద్ర ఎలాగూ కాస్త చెడుతుంది. ఆవిడ కూడా "ఇంట్లో ఇంతకంటే నయమే" అన్నారు. అందుకే మేము ఆ ఒక్క రాత్రి నిద్ర ఎంత అన్నదాని మీద కాకుండా, అదే రాత్రిని బ్యాండ్ ఎలా చదివింది అన్నదాని మీద ఎక్కువ ఆధారపడ్డాం.

చికిత్స

ప్రింట్ తీసిన రెండు చార్టులని, మాదీ బ్యాండ్‌దీ, బల్లమీద ఒకదాని కింద ఒకటి పెట్టి, 2:13 దగ్గర పెన్నుతో నిలువు గీత గీశాను. ఆవిడ చాలాసేపు చూసి, "అంటే నేను మెలకువగా ఉన్నానని నాకు తెలిసిందే నిజమన్నమాట" అన్నారు. మొదటి విజిట్‌లో నేను చేయాల్సిన పని ఇది, కనీసం ఇలాంటిది.

నిద్రలేమికి మొదటి చికిత్సగా 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సిఫారసు చేసింది మాత్రలు కాదు, సీబీటీ-ఐ, అంటే నిద్ర చుట్టూ ఉన్న ఆలోచనలనీ అలవాట్లనీ మార్చే చికిత్స. అందులో కష్టమైన, బాగా పనిచేసే భాగం మంచం మీద సమయం తగ్గించడం. డైరీ ప్రకారం ఆవిడ రోజుకి సగటున 9 గంటల 25 నిమిషాలు మంచం మీద ఉండి 5 గంటల 35 నిమిషాలు నిద్రపోతున్నారు, 59 శాతం. కాబట్టి మొదటి కిటికీ, అంటే మంచం మీద ఉండొచ్చన్న సమయం, 6 గంటలు, రాత్రి 12:15 నుంచి ఉదయం 6:15. దానికి ముందు మంచం ఎక్కకూడదు, మెలకువ వచ్చి ఎంతకీ పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి. మంచం మీద సమయంలో నిద్ర వాటా వారం సగటున 85 శాతం దాటితే కిటికీ 15 నిమిషాలు పెంచుతాం. మొదటి రెండు వారాలు పగలు నిద్ర ముంచుకొస్తుంది, బండి నడపొద్దని గట్టిగా చెప్పాను. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు, రోజంతా డ్రైవింగ్ చేసేవాళ్లు ఇది సొంతంగా మొదలుపెట్టకూడదు.

బ్యాండ్ తీసేయమని ఈసారి అనలేదు. చేతికి ఉంచుకోమన్నాను, యాప్ మాత్రం 6 వారాలు చూడొద్దు, చివర్లో ఇద్దరం కలిసి తెరుద్దాం అన్నాను. ఆవిడే యాప్ పాస్‌వర్డ్ వాళ్ల అక్కయ్య చేత మార్పించుకున్నారు. ఎందుకు దాచడం అంటే, పొద్దున్నే చూసే నంబరు ఆ రోజుని నడిపిస్తుంది. 2018లో వచ్చిన ఒక ప్రయోగంలో నిద్రలేమి ఉన్నవాళ్లకి మణికట్టు పరికరం పెట్టి, కావాలనే తప్పుడు ఫలితం చూపించారు. "నిన్న సరిగ్గా నిద్రపోలేదు" అని చూసినవాళ్లు ఆ రోజంతా ఎక్కువ అలసటగా, తక్కువ చురుగ్గా ఉన్నట్టు చెప్పారు. నిద్ర ఎలా ఉన్నా సరే.

మొదటి వారం ఆవిడ ఫోన్ చేసి తిట్టలేదంతే. మూడో వారానికి 6 గంటల్లో 5 గంటల 18 నిమిషాలు నిద్ర, 88 శాతం. అక్కడినుంచి వారానికి 15 నిమిషాల చొప్పున పెంచితే ఆరో వారానికి కిటికీ 6 గంటల 45 నిమిషాలు అయింది. నిద్రలేమి ఇండెక్స్ స్కోరు 21 నుంచి 9కి దిగింది. ప్రొప్రనొలాల్ మార్చలేదు. దానిలాంటి బీటా బ్లాకర్లు నిద్ర హార్మోన్ మెలటోనిన్‌ని తగ్గిస్తాయి, కొందరిలో నిద్రని చెడగొడతాయి, నిజమే, కానీ ఆవిడ మైగ్రేన్ అదుపులో ఉంది, న్యూరాలజిస్టుతో మాట్లాడి అలాగే ఉంచాం.

యాప్ తెరిచిన రోజు

దీనికోసం నేనే ఎక్కువ ఎదురుచూశానేమో. చికిత్సకి ముందు రెండు వారాల సగటు: నిద్ర 8 గంటల 5 నిమిషాలు, బ్యాండ్ వందకి ఇచ్చే స్లీప్ స్కోరు 78. చికిత్సలో మొదటి మూడు వారాలు: నిద్ర 5 గంటల 40 నిమిషాలు, స్కోరు 61. మనిషి కోలుకుంటున్న కొద్దీ స్కోరు పడిపోయింది. ఆవిడ స్క్రీన్ చూసి, "ఇది రోజూ చూసుంటే రెండో వారంలోనే మానేసేదాన్నండీ" అన్నారు. మానేసేవారే, నాకు అనుమానం లేదు.

గమనించాల్సింది ఇంకొకటి. మునుపు బ్యాండ్ చెప్పిన నిద్రకీ డైరీ నిద్రకీ తేడా రెండున్నర గంటలు, మూడో వారానికి అది అరగంటలోపుకి వచ్చింది. బ్యాండ్ బాగుపడలేదు. మంచం మీద కదలకుండా మెలకువగా ఉండే సమయమే తగ్గిపోయింది, ఇక తప్పు చదవడానికి ఏముంది.

నాలుగో వారంలో ఒక వింత. అప్పటిదాకా 20 నిమిషాల దగ్గర తచ్చాడుతున్న డీప్ స్లీప్ ఒక్క రాత్రిలో 54కి ఎగిరింది, ఆ తర్వాత ఎప్పుడూ 45 కిందకి రాలేదు. ఆవిడ ఎగిరి గంతేసేలోపే డైరీ చూశాం, ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ లేదు. యాప్ సెట్టింగుల్లో చూస్తే బ్యాండ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన తేదీ సరిగ్గా దానికి ముందురోజు. నిద్ర మారలేదు, కొలబద్ద మారింది, ఆ సంగతి గ్రాఫు మీద ఎక్కడా రాసి లేదు. మీరు ఏడాది కిందటి నిద్రతో ఇవాళ్టి నిద్రని పోల్చుకుంటున్నట్టయితే మధ్యలో ఇలాంటివి ఎన్ని జరిగాయో చూసుకోండి.

బ్యాండ్‌లో పనికొచ్చింది ఏమీ లేదా? ఉంది, ఆవిడ ఎనిమిది నెలల్లో ఒక్కసారీ తెరవని పేజీ. ఏ రోజు ఎన్నింటికి మంచమెక్కారు, ఎన్నింటికి లేచారు. డైరీతో పోలిస్తే పది పదిహేను నిమిషాల తేడాలో ఉంది. సెలవు రోజుల్లో రెండున్నర గంటలు ఆలస్యంగా లేస్తున్నారని, ఆ మర్నాడు రాత్రి నిద్ర పట్టడానికి గంట దాటుతోందని ఆ పేజీలో స్పష్టంగా కనిపించింది. దాన్నిబట్టే లేచే టైము ఏడు రోజులూ ఒకటే చేశాం.

తప్పు ఇంకో వైపుకి కూడా జరుగుతుంది, అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. స్కోరు 90 వచ్చిందని నిశ్చింతగా ఉన్న ఒకాయనకి పరీక్ష చేస్తే ఆప్నియా ఇండెక్స్ గంటకి 38, 30 దాటితే తీవ్రమే. ఊపిరి ఆగి మెదడు మూడు సెకన్లు ఉలిక్కిపడితే చెయ్యి కదలక్కర్లేదు, బ్యాండ్‌కి అది ప్రశాంతమైన నిద్రే. 2024లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ యాపిల్, శాంసంగ్ వాచీల్లో ఆప్నియా లక్షణాలని గుర్తించే ఫీచర్లకి అనుమతి ఇచ్చింది, అవి "వెళ్లి చూపించుకోండి" అని చెప్పేవి, జబ్బు నిర్ధారించేవి కావు. హెచ్చరిక వస్తే తప్పకుండా చూపించుకోండి. రాకపోతే మాత్రం, గురక, పగటి నిద్రమత్తు ఉన్నవాళ్లు దాన్ని క్లీన్ చిట్ అనుకోవద్దు.

ఆరు నెలల తర్వాత

ఇప్పుడు మంచం మీద 7 గంటలు, నిద్రలేమి ఇండెక్స్ స్కోరు 7. నెలాఖరులో రెండు మూడు రాత్రులు ఇప్పటికీ చెడతాయి, దానికి కంగారు పడటం లేదు. చేతికి బ్యాండ్ ఉంది, అడిగితే "నడకకి పెట్టుకుంటున్నానండీ, రాత్రిపూట చార్జింగ్‌కి పెట్టేస్తా" అన్నారు.

"మరి ఉంగరం?"

"మా ఆయన పెట్టుకుంటున్నారు. ఆయనకి రోజూ తొంభై పైనే వస్తోంది, నన్ను చూసి నవ్వుతున్నారు కూడా."

"గురక పెడతారా?"

"నేను పక్క గదిలో పడుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయిందండీ."

ఆయన్ని వచ్చే మంగళవారం తీసుకురమ్మన్నాను.